మా నాన్న కూర్చుని చూసిన లేత్

నా చిన్నప్పుడు బాలానగర్ రోడ్లు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవి. నమ్మకపోతే మీ ఇష్టం. తొంభైల చివర్లో ఒక వేసవంతా మా నాన్న వెనక వాటిని కొలిచిన కాళ్లు నావి. ఎండకు తారు కరిగి చెప్పులు అంటుకుపోయేవి. మనిషి ముందు నడిస్తే చెప్పులు ఓ గంట ఆలస్యంగా వచ్చి కలిసేవి.

మా నాన్న ఒక ఫ్యాక్టరీలో టర్నర్. ఇనుప కడ్డీలను లేత్ మీద తిప్పి, కావలసిన కొలతకు చెక్కే పని ఆయనది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. రాయదుర్గంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, సొంతంగా పని చేసుకుందామనుకున్నాడు. అప్పుడు మా చుట్టూ బండలు పేల్చి పెద్ద పెద్ద భవనాలకు పునాదులు తవ్వుతున్నారు. కంకర మిషన్లు నడిపే ఒకాయన వాటిలో అరిగిపోయే పిన్నులు, బుష్షులు చేసే పని నాన్నకే ఇస్తానని మాటిచ్చాడు. డ్రిల్లింగ్ మెషీను, గ్రైండరు, బెంచి వైసు ఒక్కొక్కటిగా కొని షెడ్డులో పెట్టుకున్నాం. లేత్ ఒక్కటే మిగిలింది. అది లేని షాపు పొయ్యి లేని వంటిల్లు. ఫ్యాక్టరీ వాళ్లు చివర్లో చేతిలో పెట్టిన డబ్బులో మిగిలింది ఒక్క పాత లేత్‌కు సరిపోతుంది. అది పనికిరానిదైతే రెండోది కొనే దారి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

పాత మిషన్లు అమ్మే బాలానగర్‌కు ఒక ఆదివారం మా మేనత్త కూడా మాతో బయలుదేరింది. నాన్నకు అక్క. లేత్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలన్న ఉబలాటమూ లేదు. “నువ్వు మెత్తనోనివి రా తమ్మీ. నీ మొకం జూస్తెనే ధర పెంచుతరు” అంటూ కొంగు బిగించింది.

ఆ రోజు ఎన్ని దుకాణాలు ఎక్కి దిగామో చెబితే అతిశయోక్తి అంటారు, కాబట్టి చెప్పను. ఒక లేత్‌కు బెడ్, అంటే కింద పొడుగ్గా ఉండే ఇనుప దిమ్మ, పగిలితే అతుకు వేశారు. ఇంకోదానికి గేర్లు సగం లేవు. మరొకటి ఎంత పెద్దదంటే, దాన్ని ఇంట్లో పెడితే మేం వీధిలో కాపురం ఉండాలి. పొద్దున నాన్న ప్రతి మిషన్ దగ్గరా గొంతుక్కూర్చుని, బెడ్ మీద అరచేయి ఆనించి, చక్రాలు తిప్పి చూశాడు. మధ్యాహ్నానికి వంగి చూడటం మొదలుపెట్టాడు. సాయంత్రానికి వంగడం కూడా మానేశాడు.

చివరి దుకాణంలో ఫ్యాను ఉంది, కుర్చీలున్నాయి. యజమాని ఎదురొచ్చి, “కూసోండి సార్, ఎండల తిరిగి పరేషాన్ అయిన్రు. ముందు చాయ్ తాగుండ్రి. మిషన్ యాడికి పోతది?” అన్నాడు. నాన్న కూర్చున్నాడు. నా చేతికి చల్లటి సోడా వచ్చింది. ఎదురుగా కొత్త ఆకుపచ్చ రంగుతో లేత్ నిగనిగలాడుతోంది. పనివాడు కడ్డీని పట్టి తిప్పే చక్‌కు ఒక చిన్న ముక్క బిగించి తిప్పితే వెండి తీగల్లా పొట్టు రాలింది. మా నాన్న మిషన్‌ను కుర్చీలో కూర్చుని చూడటం నేను అదే మొదటిసారి చూశాను.

“మోటరు గూడ ఇస్తరా?” అని మాత్రం అడిగాడు.

“అన్ని ఇస్త సార్. బయానా ఇచ్చి పోండ్రి, పొద్దుగాల ఇంకో పార్టీ వస్తుండ్రు.”

ఆ బజారులో ఒకసారి బయానా డబ్బు అమ్మేవాడి చేతిలో పడితే బేరం ముగిసినట్టే. వద్దనుకున్నా వెనక్కి రాదు. నాన్న జేబులో చెయ్యి పెట్టాడు. అత్త లేత్ వంక చూడలేదు, నాన్న ముఖంలోకే చూసింది. మరుక్షణం “అయ్యో” అంటూ కుర్చీలోంచి కూలిపోయింది.

ఆమె పడ్డప్పుడు ఆ లేత్ అంగుళం పక్కకు జరిగిందని మా పిల్లలకు చెబుతుంటాను. నిజానికి అత్త పక్కన గోనెసంచులు చూసుకుని, చీర సర్దుకుని మరీ పడింది. నేను బిత్తరపోయి చూస్తుంటే కొంగు చాటు నుంచి నా పిక్క గట్టిగా గిల్లింది. నా ఏడుపు రోడ్డు అవతలికి వినబడింది. ఒకరు తాళాలు తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టారు, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపించారు. నాన్న జేబులోంచి చెయ్యి తీసి ఆటో పిలిచాడు.

మూసాపేట దాటగానే అత్త లేచి కూర్చుని, తాటిముంజలు కనబడితే ఆటో ఆపమంది.

“ఏందక్కా ఈ నాటకం? ఆ మిషన్ ఇంకోనికి పోతది!”

“పోతే పోనీ రా. నువ్వు మిషన్ కొంటలేవు, కుర్సీ కొంటున్నవ్. ఇంటికి వొయ్యి పండుకో. పొద్దుగాల గూడ మంచిగనే అనిపిస్తే కొనుక్కో.”

మర్నాడు పొద్దున్నే నాన్న నన్ను తీసుకుని మళ్లీ వెళ్లాడు. అత్త రాలేదు. తనకు ఒంట్లో బాగాలేదు కదా అంది. ఈసారి నాన్న కుర్చీ వంక చూడలేదు. లేత్ మీద కోసే పనిముట్టును మోసుకుంటూ బెడ్ పొడవునా జరిగే భాగం ఒకటుంటుంది, క్యారేజీ అంటారు. దాన్ని చక్ దగ్గర్నుంచి రెండో చివరకు తోశాడు. సగం దూరం పోయి బిగుసుకుపోయింది. ఎప్పుడూ పని జరిగేది చక్ దగ్గరే గనక బెడ్ అక్కడే అరిగిపోతుంది. అక్కడ క్యారేజీ ఊగులాట కనబడకుండా బోల్టులు బిగించి పెట్టారు. అరగని చోటికి రాగానే అది కదలనంది.

“పాత మిషన్ సార్, జర గట్లనే ఉంటది” అన్నాడు యజమాని.

నాన్న గొడవ పెట్టుకోలేదు. బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. “ఇది నేను కొత్త పిలగాండ్లకు మొట్టమొదలు నేర్పేది. నిన్న చెయ్యి ఎందుకు లేవలే?” అన్నాడు. నన్ను అడిగాడో, తన చేతిని అడిగాడో తెలియదు.

వానలు మొదలయ్యాక తుప్పు పట్టిన లేత్ ఒకటి దొరికింది. రంగు లేదు గానీ బెడ్ తిన్నగా ఉంది. అప్పటికే కంకర మిషన్ల ఆయన సగం పని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. మిగిలిన సగంతోనే మా షెడ్డు చాలా ఏళ్లు నడిచింది.

ఇప్పుడు నాకూ పొద్దుగూకేసరికి ఏదైతే ఏమిటిలే అనిపించే వయసు వచ్చింది. తెలియక మోసపోయేవాళ్లను నేను తక్కువే చూశాను. అన్నీ తెలిసి, అడిగే ఓపిక లేక ‘సరే’ అనేవాళ్లే ఎక్కువ. అందుకే దీపాలు పెట్టే వేళ దాటాక నేను దేనికీ సంతకం పెట్టను. నా ముందు ఎవరైనా అలసిపోయి తలూపుతుంటే ఊరుకోను, ఏదో ఒక అబద్ధం ఆడైనా ఆ పూటకు లేవదీసుకొస్తాను. మొన్న నార్సింగిలో ఫ్లాట్లు చూసి చూసి డస్సిపోయిన మా ఆడపడుచు కలం మూత తీస్తుంటే, ఇంట్లో పొయ్యి మీద పాలు మరిచిపోయానని గగ్గోలు పెట్టి లాక్కొచ్చాను.

ఆ రోజు మా ఇంట్లో పాలే లేవు.