చిత్రాల్లోంచి అక్షరాలు తీసిన మా సార్

మా లైబ్రరీ సార్ ఇక లేరని మంగళవారం పొద్దున ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. చెప్పినాయన పెట్టేసినాక కూడా నేను చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కూర్చున్నాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గాలు నేసే ఇల్లు. పదో తరగతి తర్వాత నా చూపు పూర్తిగా పోయింది. దూరవిద్యలో డిగ్రీ కట్టి, పుస్తకాల కోసం అమ్మను తోడు తీసుకుని ఆదోని గ్రంథాలయానికి పోయినాను. సార్ అక్కడి కంప్యూటర్లోంచి ఒక చరిత్ర పుస్తకం నా ఫోన్‌కు పంపించినారు. తెరమీది అక్షరాలను పైకి చదివే ఫోన్ అది. ప్రతి పేజీకీ ఒకటే మాట అంటా ఉంది: "చిత్రం. చిత్రం."

"పుస్తకం గదమ్మా ఇది, చిత్రం అంటాదేంది?"

"పేజీలను ఫోటో తీసి పెట్టినారు సార్. మీకు అక్షరాలే. నా ఫోన్‌కు అది బొమ్మ."

"ఇన్నేండ్లు అందరికీ పుస్తకాలిస్తాండాననుకుంటి," అన్నారు సార్ మెల్లగా.

పరీక్షలకు మూడు నెలలే ఉన్నాయి. రిటైర్‌మెంటు దగ్గరపడిన వయసులో ఆయన ఫోటోల్లోంచి అక్షరాలు తీసే పద్ధతి నేర్చుకున్నారు. కంప్యూటర్ తీసిచ్చే తెలుగు నిండా తప్పులే. కరువు పాఠంలో "వంట నష్టంతో రైతులు వలస పోయారు" అని ఫోన్ చదివితే ఇద్దరం పడీపడీ నవ్వినాం. పంట కాస్తా వంటైంది. దిద్దినాక ఆయన కండ్లు మూసుకుని మొత్తం వినేవారు. "సూసి దిద్దితే సాలదమ్మా, ఇని దిద్దల్ల," అనేవారు.

పటాలను మాత్రం వదిలేసినారు. నాకు కోపమొచ్చింది. "తుంగభద్ర యాడినుంచి వచ్చి యాడికి పోతాదో నాకొద్దా సార్?" అని అడిగేసినాను. ఆయన నా అరచేయి తెరవమని, పడమటి నుంచి తూర్పుకు వేలితో నదిని గీసినారు. "ఇప్పుడు నీకేం తెలిసిందో నీ మాటల్లో సెప్పు," అన్నారు. నేను చెప్పిన మాటలనే పటం కింద టైపు చేసినారు.

నేను పాసైనాను. ఇప్పుడు బళ్లో చరిత్ర చెప్తున్నాను. రిటైరైనాక కూడా సార్ ఆ పని మానలేదు. ఆయన సగంలో వదిలిన పుస్తకాన్ని నేను విని తప్పులు చెప్తుంటే, మా సహోపాధ్యాయిని దిద్దుతోంది.

నిన్న శనివారం లైబ్రరీకి పోయినాను. హొళగుంద నుంచి వచ్చే చూపులేని అమ్మాయి ఇయర్‌ఫోన్లో సార్ దిద్దిన కథేదో వింటా పకపకా నవ్వింది. అంత నిశ్శబ్దంలో ఎవరూ గదమలేదు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్ల ఒకతె ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది.

"అంత నవ్వేది ఏముందక్కా దాంట్లో? ఒక చెవిది నాకియ్యి."

కాసేపటికి రెండు నవ్వులు వినపడినాయి.