నొప్పి చెయ్యి ముందు

మా అక్క పదిహేనేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. నడుం మొరాయించి, ఇక బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాక ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుట్టింది, కర్టెన్లు కుట్టింది, అవి అయిపోయాక నా మీద పడింది. నేను పారిపోయే దారులు వెతుక్కుంటూ ఉండగా, వీధి చివర నాటక సంస్థలో దుస్తులు చూసుకునే మనిషి కావాలని తెలిసి, చెప్పాపెట్టకుండా వెళ్ళి చేరిపోయింది.

అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "ప్రాణాలు కాపాడినదానివి, వేషాలు వేసేవాళ్ళకి బట్టలు కుడతావుటే?"

"అక్కడ ఎవరూ చచ్చిపోరమ్మా. చచ్చినా తెర పడగానే లేచి కూర్చుంటారు. నాకది చాలా నచ్చింది," అంది అక్క. మేం నవ్వాం గానీ, తను మరీ అంత సరదాకి అన్న మాట కాదని నాకు తెలుసు.

మొదటి నాటకం ఓ రాజు కథ. మారువేషంలో చిరుగుల కోటుతో లోపలికెళ్ళిన రాజు నలభై సెకన్లలో దర్బారు కోటుతో తిరిగి రావాలి. రాజు వేషం సంస్థలో అందరికన్నా పెద్దాయనది. రిహార్సల్లో ఆయనకి నిమిషన్నర పట్టింది. దర్శకుడికి స్టాప్‌వాచీ చేతిలో లేకపోతే నిద్ర పట్టదు. అక్క మీద విరుచుకుపడ్డాడు.

"మీ కోటు ధర్మమా అని రాజు లేకుండానే సభ నడుస్తోంది! శుక్రవారంలోగా నలభైలో అవ్వకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటాం."

రిహార్సల్ చూద్దామని వెళ్ళి ఓ మూల కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులుపుదామని లేస్తే అక్క నా చెయ్యి గిల్లింది. బయటికొచ్చాక అసలు సంగతి చెప్పింది. పెద్దాయన కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. దువ్వుకునేటప్పుడు చెయ్యి ఎత్తకుండా తలనే దువ్వెన దగ్గరికి వంచుతున్నాడట.

"మరి చెప్పెయ్యక్కా! నీ ఉద్యోగం పోతుంది."

"చెప్తే ఆయన వేషం పోతుంది," అంది.

తనతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. రెండు కోట్లనీ ముందేసుకుని, కుడి వైపు మణికట్టు నుంచి నడుం దాకా కుట్టు విప్పేసింది. లోపల నొక్కితే పట్టుకునే టిచ్ బటన్లు, అవి కనపడకుండా పైన దర్బారు కోటుకి జరీ పట్టీ, చిరుగుల కోటుకి మాసికలు. గురువారం పొద్దున్నే పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

"తొడుక్కునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. ఇదొక్కటే గుర్తుపెట్టుకోండి."

"నొప్పేమిటి? నాకే నొప్పీ లేదే!"

"బాబాయిగారూ, పదిహేనేళ్ళు రోగుల అబద్ధాలు విన్నాను. మీది ఏ మూలకీ రాదు."

పెద్దాయన కోటు వంక బింకంగా చూశాడు. తర్వాత మెల్లగా కుడి చెయ్యి చాచాడు.

శుక్రవారం ముప్పై నాలుగు సెకన్లు. దర్శకుడు స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని మరీ చూశాడు.

"ఏం చేశారండీ?"

"కుట్టు మార్చాను సార్."

"ఆ పనేదో మొదటే చేసుంటే ఇంత గొడవ ఉండేది కాదుగా!"

"నిజమే సార్, తప్పు నాదే," అంది మా మహాతల్లి. ఆ ముక్క తలుచుకుంటే నాకిప్పటికీ మండుతుంది.

సోమవారం నేను అక్కకి క్యారియరు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పెద్దాయన సంచితో వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, బల్ల మీద చొక్కాలు పెట్టాడు. ఏడు. అన్నీ ఇస్త్రీ చేసినవే.

"మొన్నమొన్నటిదాకా మా ఆవిడ తొడిగేదమ్మా. ఇప్పుడు లేదుగా. ఒక్కణ్ణే వేసుకునేట్టు ఇవి కూడా..."

అక్క పై చొక్కా తీసి కుట్టు విప్పడం మొదలుపెట్టింది. నేను గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ గుండీల డబ్బా బోర్లించి, టిచ్ బటన్లు ఏరుతూ కూర్చుంది. కాసేపటికి తలెత్తింది.

"ఏడే ఇచ్చాడా? ఒంటి మీద ఉన్నది కూడా తెమ్మనమని అక్కకి చెప్పు."