ఇన్సేన్‌లో ఒక కౌబాయ్

రంగూను శివారు ఇన్సేన్‌లో రైలు వర్క్‌షాపు గోడ పక్కగా నడిచి ఎడమకి తిరిగితే పాల వాసన, పేడ వాసన కలగలిసి వచ్చే సందు ఒకటుంది. ఆ సందులో కూర్మనాథం ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. ఊ కౌబాయ్ ఇల్లెక్కడని అడిగితే మాత్రం ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. బర్మాలో కుర్రవాళ్ళని కో అనీ, పెద్దవాళ్ళని ఊ అనీ మర్యాదగా పిలుస్తారు. మీసం మొలిచే వయసులో అతను కో కౌబాయ్. జుట్టు నెరిసి, కూతురు ఉద్యోగంలో చేరేసరికి ఊ కౌబాయ్ అయ్యాడు. ఎన్నో టోపీలు పాతబడిపోయాయి గానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

కూర్మనాథం తాత శ్రీకాకుళం వైపు నించి ఓడెక్కి రంగూను రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. రేవు పని ఒంటికి పడలేదు. ఒక ఆవుని కొనుక్కుని ఇన్సేన్‌లో పాక వేసుకున్నాడు. ఆ ఆవు సంతానం పెరిగింది, తాత సంతానమూ పెరిగింది. మూడు తరాలుగా ఆ ఇంటివాళ్ళు పాలు పితికి టీ కొట్లకి పోస్తూనే ఉన్నారు.

బడిలో చేరిన కొత్తలో కూర్మనాథానికి ఇదే పెద్ద కష్టమైంది. తెల్లవారుజామునే లేచి పశువుల సాల ఊడ్చి, కుడితి పెట్టి, అప్పుడు బడికి పరిగెత్తేవాడు. తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలు ముక్కులు మూసుకుని "న్వాచౌంగ్ వచ్చాడు" అనేవారు. ఆవులు కాసేవాడని ఆ మాటకి అర్థం. వాడు ఎంత సబ్బు రుద్దుకున్నా ఆ పేరు వదల్లేదు. ఒకనాడు పలక విసిరేసి, ఇంక బడికి వెళ్ళనని సాలలో దూడల మధ్య పడుకున్నాడు. అమ్మ బతిమాలింది, నాన్న కర్ర తీశాడు. దేనికీ లేవలేదు.

మేనమామ అప్పలస్వామి ఆ రోజు ఇంటికి రాబట్టి సరిపోయింది. అప్పలస్వామికి సినిమాల పిచ్చి. ఏ హాల్లో ఏ బొమ్మ ఆడుతోందో ఆయనకి తెలియాల్సిందే. మేనల్లుణ్ణి భుజాన వేసుకుని రైలెక్కించి ఊళ్ళోకి తీసుకుపోయాడు. అక్కడ ఏదో పాత అమెరికా బొమ్మ ఆడుతోంది. రీలు అరిగిపోయి తెర మీద వాన కురుస్తున్నట్టుంది. ఆ వానలోంచి ఒక మనిషి గుర్రం మీద వచ్చాడు. నెత్తిన పెద్ద టోపీ, చేతిలో తాడు, చుట్టూ లెక్కలేనన్ని పశువులు. హాల్లో జనమంతా ఈలలు వేశారు.

"ఈడెవుడు మావయ్యా, రాజా?" అని అడిగాడు కూర్మనాథం.

"రాజేటిరా. కౌబాయ్. కౌ అంటే ఆవు, బాయ్ అంటే గుంటడు. ఆవులు కాసుకునేవోడు."

"న్వాచౌంగా?"

"ఆఁ, న్వాచౌంగే."

"మరి జనం ఈలలెందుకేస్తన్నారు?"

అప్పలస్వామి తెర వైపు వేలు చూపించాడు. "ఆళ్ళ దేశంలో ఈడే హీరో. అమెరికా అంటే ఎలాగుంటాదని ఎవుడైనా అడిగితే, ఆళ్ళు ఈడి బొమ్మే సూపిస్తారు" అన్నాడు.

కూర్మనాథం తర్వాత కథేమీ చూడలేదు. అంత పెద్ద దేశం తన బొమ్మ తను గీసుకోవాలనుకున్నప్పుడు ఒక ఆవుల కాపరిని గీసుకుందన్న మాటే వాడి బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. మర్నాడు మామయ్య ఈతాకు టోపీ ఒకటి తెచ్చి అంచులు వంచి ఇచ్చాడు. వాడు అది పెట్టుకునే బడికి వెళ్ళాడు. పిల్లలు న్వాచౌంగ్ అన్నారు. "న్వాచౌంగ్ కాదు, కౌబాయ్" అని తలెత్తి చెప్పాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. కానీ ఆ వేళ వాడికి ఏడుపు రాలేదు. పది రోజులు పోయాక అందరికీ ఆ కొత్త పేరే అలవాటైంది.

పెద్దవాడయ్యాక తాడు మీద మనసు పడింది. సాల ముందర గుంజకి ఉచ్చు విసరడం నేర్చుకుంటూ పొద్దుపోయేదాకా అక్కడే ఉండేవాడు. గుంజ కదలదు కాబట్టి ఎప్పుడో ఒకసారి పడేది. దూడల మీద వేస్తే అమ్మ చీపురు తీసుకుని వెంటబడేది.

పెళ్ళిచూపులకి రంగూనులోనే మింగళ తౌంగ్‌న్యున్ పేటకి వెళ్ళినప్పుడు కూడా టోపీ తియ్యలేదు. పిల్ల పేరు హైమ. వాళ్ళది గంజాం వైపు కుటుంబం, ఇంట్లో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. పెద్దలు మాట్లాడుకుంటూ ఉంటే ఆ పిల్ల నేరుగా అతన్నే అడిగింది.

"ఆ టోపీ ఎండకా, సోకుకా?"

"వానకి" అన్నాడు కూర్మనాథం.

హైమ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం కుదిరిపోయింది. పెళ్ళయ్యాక పెరుగు తోడెయ్యడం, టీ కొట్లవాళ్ళతో మాట్లాడడం, మిగిలిన పాలు కోవా చెయ్యడం అంతా ఆవిడే చూసుకుంది. అతనికి ఆవులు, టోపీ, తాడు మిగిలాయి. ఇద్దరికీ అదే బాగుంది.

ఇలా సాఫీగా నడుస్తున్న కౌబాయ్ బతుక్కి మొన్నటి వానాకాలంలో గట్టి దెబ్బ తగిలింది.

ఆ సాయంత్రం నల్లగా మబ్బు పట్టి, సాల పక్కనే పిడుగు పడ్డంత చప్పుడైంది. బంగారి అనే ఆవు బెదిరి పలుపు తెంపుకుని, సందు దాటి, నేరుగా రైలు పట్టాల మీదికి పోయి నిలబడింది. ఊరు చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలు అప్పుడే స్టేషన్ వదిలింది. డ్రైవరు చూసి ఆపబట్టి బతికిపోయింది. బండి నిండా ఇళ్ళకి పోయే జనం. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

కూర్మనాథం టోపీతో, తాడుతో పరిగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్ళకి తాడుకి పనిపడింది. భయంగానూ ఉంది, కాస్త సంతోషంగానూ ఉంది. ఉచ్చు తల చుట్టూ తిప్పి విసిరాడు. అది అతని కాలి మీదే పడింది. మళ్ళీ విసిరాడు. మొక్కజొన్న పొత్తులు అమ్ముకునే ఆవిడ గొడుగు ఉచ్చులో పడింది. ఆవిడ గొడుగు వదల్లేదు, అతను తాడు వదల్లేదు. బండిలో జనం చప్పట్లు కొట్టారు. మూడోసారి విసిరేసరికి టోపీ ఎగిరి బురదలో పడింది. బంగారి అడుగున్నర వెనక్కి జరిగి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఇంకొక్క కేక వినబడితే పట్టాల వెంట పరుగు అందుకుంటుంది.

అప్పుడు తాడు కింద పడేశాడు. చేతులు రెండూ కిందికి దించి, మెల్లగా నడుస్తూ, వాళ్ళమ్మ పాలు పితికేటప్పుడు పాడే పాట అందుకున్నాడు.

"సల్లంగ రాయే బంగారీ
సినుకుల్లో తడవకే బంగారీ
నీ పెయ్య కూకుంది సాలలో
నీ కుడితి కాగింది కుండలో"

బంగారి చెవులు ఆడించింది. ముట్టె ఎత్తి వాసన చూసింది. తర్వాత తనంతట తనే వచ్చి అతని భుజానికి తల రాసుకుంది. కొమ్ముల మీద చెయ్యి వేసి పట్టాలు దాటించి ఇంటికి తీసుకుపోయాడు. రైలు కూత వేసుకుంటూ వెళ్ళిపోయింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. బండిలో ఎవరో ఫోనులో వీడియో తీశారు. పాట దాకా తియ్యలేదు. కాలి మీద పడిన ఉచ్చు, గొడుగు, బురదలో టోపీ, అంతవరకే ఉంచి, వెనకాల ఎవరివో నవ్వులు అతికించి ఫేస్‌బుక్‌లో పెట్టారు. మర్నాటికల్లా మింగళాడోన్‌లో ఉన్న బావమరిది దగ్గర్నించి కూడా ఫోనొచ్చింది. టీ కొట్టులో పాలు పోస్తుంటే కుర్రాళ్ళు చేత్తో తాడు తిప్పుతున్నట్టు చూపించారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ కూర్మనాథానికి చిన్నప్పటి తరగతి గది కళ్ళముందుకొచ్చింది. ఇంటికొచ్చి టోపీ కడిగి ఆరబెట్టి బీరువా మీద పెట్టేశాడు.

"ఏటయ్యా, ఒట్టి తలతో ఎల్తన్నావు?" అంది హైమ రెండోనాడు.

"ముసిలోణ్ణి అయిపోనాను. ఇంకా ఏషాలెందుకే."

ఆ రాత్రి హైమ కూతురుతో మాట్లాడింది. కూతురు రాధ ఊళ్ళో ఒక గ్రంథాలయంలో పనిచేస్తుంది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ, మాట్లాడితే సగం బర్మీస్ దొర్లిపోతుంది. ఆ ఆదివారం వాళ్ళ గ్రంథాలయంలో ఒక ఉపన్యాసం ఉంది. అమెరికావాళ్ళు తామెవరమని చెప్పుకోవడానికి ఏ కథలు చెప్పుకున్నారు, ఏ పాటలు పాడుకున్నారు అన్నది విషయం. చెప్పేది ఖిన్ మే అనే టీచరు. రాధ ఆవిణ్ణి సయామ అంటుంది, అక్కడ ఆడ టీచర్లని అలాగే పిలుస్తారు.

"నాన్నా, నువ్వు రావాల. కౌబాయ్‌ల గురించి కూడా చెప్తారంట" అంది రాధ.

కూర్మనాథం వద్దన్నాడు. హైమ ఇస్త్రీ చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. చివరికి వెళ్ళాడు, టోపీ లేకుండా.

సయామ గోడ మీద ఫొటోలు చూపిస్తూ చెప్పింది. మొదట సినిమా కౌబాయ్. తర్వాత నిజం కౌబాయ్‌లు. వాళ్ళు తెల్ల చొక్కాలు వేసుకున్న అందగాళ్ళు కారు. బక్కపలచని కూలివాళ్ళు. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు. వాళ్ళలో చాలామంది నల్లవాళ్ళు, మెక్సికో వాళ్ళు. తాడు విసరడం కూడా మెక్సికో కాపర్ల దగ్గర నేర్చుకున్నదే. రోజంతా ఎండలో తిరిగి, దొరికింది తిని, నేల మీద పడుకునేవారు. తర్వాతి రోజుల్లో కథలు రాసేవాళ్ళు, సినిమాలు తీసేవాళ్ళు వాళ్ళని వీరులుగా దిద్దారు, దేశం ఆ బొమ్మలో తన మొహం చూసుకుంది అని చెప్పింది.

"అయితే అదంతా అబద్ధమేనా?" అని వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి అడిగాడు.

"సగం చెప్పి సగం దాచారు. ఆ దాచిన సగం ఇప్పుడు వాళ్ళే వెతుక్కుంటున్నారు" అంది సయామ.

రాధ భయంగా తండ్రి వైపు చూసింది. ఆయన ముందుకు వంగి ఒక ఫొటో వైపే చూస్తున్నాడు. అందులో ఒక నల్లటి ముసలాయన ఆవు పక్కన నిలబడి ఉన్నాడు. కూర్మనాథం బడిపిల్లాడిలా చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు.

"సయామా, రాత్రి ఉరుములొస్తే మందంతా బెదిరిపోతుంది కదా. అన్ని పశువుల్ని తాడేసి ఆపలేరు. మరి ఏం చేసేవారు?" అని బర్మీస్‌లో అడిగాడు.

"పాడేవారట" అంది సయామ. "గుర్రం మీద మంద చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ, నెమ్మదైన పాటలు పాడేవారు. మనిషి గొంతు వింటే పశువులు కుదుటపడతాయని. వాళ్ళ పాటల్లో చాలావరకు అలా పుట్టినవేనని చెబుతారు."

కూర్మనాథం కూర్చున్నాడు. రాధ చెవిలో, "ఆ ముసిలాయన అచ్చం మా తాతలాగున్నాడే" అన్నాడు. ఆ గొంతులో ఎన్నాళ్ళకో పాత ఉషారు వినబడింది.

ఉపన్యాసం అయ్యాక రాధ వెళ్ళి సయామకి రైలు పట్టాల సంగతంతా చెప్పింది. వీడియోలో లేని పాట గురించి కూడా చెప్పింది. సయామ ఆ వీడియో ఇదివరకే చూసిందట. లేచి వచ్చి కూర్మనాథానికి బర్మా పద్ధతిలో రెండు చేతులూ కట్టుకుని తల వంచి నమస్కరించింది. "ఊ కౌబాయ్, మా పిల్లల్ని మీ సాలకి తీసుకురావచ్చా?" అని అడిగింది.

బస్సులో కూర్మనాథం దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళ తాత ఓడ దిగిన సంగతి, మూటలు మొయ్యలేక పాక వేసుకున్న సంగతి, రాధకి ఇదివరకు ఎప్పుడూ చెప్పనివన్నీ చెప్పాడు. మన కథ కూడా సగమే చెప్పుకుంటున్నాం అని మనసులోనే అనుకుంది రాధ. ఆయన మాటకి అడ్డురావడం ఇష్టం లేకపోయింది.

తర్వాతి ఆదివారం సయామ, ఆవిడ విద్యార్థులు వచ్చారు. అప్పటికే టోపీ బీరువా దిగింది. పిల్లలు తాడు విసరమన్నారు. "దాని సంగతి మీరు సూసీశారు కదా" అని నవ్వి, వాళ్ళని ఒక్కొక్కరినీ పీట మీద కూర్చోబెట్టి బంగారి దగ్గర పాలు పితకడం నేర్పాడు. చాలామందికి చుక్క రాలేదు. తన్నుతుందేమోనని ఒకబ్బాయి పీట వదిలి పారిపోయాడు. ఒకమ్మాయికి మాత్రం చర్రున ధార వచ్చి, గిన్నెలో కాకుండా సయామ కట్టుకున్న లోంజీ మీద పడింది. అందరికంటే ముందు సయామే నవ్వింది.

ఈలోగా వాన మొదలైంది. చూస్తూండగానే సందంతా నీళ్ళు. వాళ్ళని తీసుకెళ్ళాల్సిన బస్సు ఎక్కడో ఆగిపోయిందని ఫోనొచ్చింది. అందరూ సాల కప్పు కింద ఆవుల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. పాడమని సయామ అడిగింది. కూర్మనాథం సిగ్గుపడుతూనే వాళ్ళమ్మ పాట పాడాడు. అర్థం కాకపోయినా పిల్లలు చివర "బంగారీ" అన్నచోట గొంతు కలిపారు. మూడోసారికి ఆవు పేరు పిలిచినప్పుడల్లా అది తల తిప్పి చూడడం మొదలుపెట్టింది, వాళ్ళకి ఆ ఆట భలే నచ్చింది.

మరో ఆవు ఈని రెండు రోజులే అయింది. హైమ జున్ను వండి మిరియాలు చల్లి గిన్నెల్లో పెట్టి తెచ్చింది. ఇదేమిటో సయామకి తెలియదు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"బాగుందా సయామా?" అని హైమ అడిగింది.

"ఇంకొంచెం పెట్టండి, చెప్తాను" అంది సయామ గిన్నె ముందుకు చాపి.