దేవునిగదిలో దాచిన ఆట

వాన వెలిసిన సాయంత్రం గాలి సారపాక వైపు నుంచి మళ్ళితే, కాగితం మిల్లులో ఉడికే వెదురు వాసన మా గదిలోకి వస్తుంది. అది తగలగానే సరోజత్తమ్మ ఇంట్లోని కంప్యూటరు, దాని మీద కప్పిన లేసుగుడ్డ కలలోలాగా కళ్ళ ముందు కదులుతాయి.

మూర్ఛ వస్తుందని నన్ను బడికి పంపలేదు. అమ్మ అక్షరాలు నేర్పితే, పక్కింటి సరోజత్తమ్మ లెక్కలూ చదరంగమూ నేర్పింది. ఆమెకు దవాఖానాలో పగటి డ్యూటీ, మామయ్యకు మిల్లులో రాత్రి డ్యూటీ. అందుకని ఇద్దరూ కంప్యూటరులోనే ఆడుకునేవారు. పొద్దున ఆయన ఒక ఎత్తు వేసి దాచి పడుకుంటే, సాయంత్రం ఆమె తెరిచి తన ఎత్తు వేసేది. "కూసోని మాట్లాడ టైమేది బిడ్డా, గిదే మా ముచ్చట" అనేది.

ఒక వానాకాలం మామయ్య గుండె ఆగి పోయాడు. ఆట సగంలో ఉంది. ఆయన ఆఖరుగా కదిపింది గుర్రాన్ని. కొన్నాళ్ళకు కంప్యూటరూ చెడిపోయింది. బాగుచేసినాయన అన్నీ తుడిచి, ఆటల ఫైళ్ళను మాత్రం ఎలాగో కాపాడి, చదరంగం ప్రోగ్రాం కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. అత్తమ్మ ఆశగా ఆ సగం ఆట ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. నోట్‌ప్యాడ్ తెరుచుకుని, నిండా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కనిపించాయి.

"ఇదేందే? బల్ల ఏది? మీ మామ గుర్రం ఏడ వోయింది?" ఆమె తెర మీదికి వంగి వెతికింది.

"ఏడికీ వోలే అత్తమ్మా. దేంతోని తెరవాల్నో దీనికి తెల్వట్లే."

ఫైలును ఏ ప్రోగ్రాంతో తెరవాలో ఎంచడం, పాటల ఫైళ్ళకు ఒకప్పుడు ఆమె నాకు చూపించిన పద్ధతే. ఆ క్షణాన ఆమెకే గుర్తు రాలేదు. చదరంగం ప్రోగ్రాంను ఎంచి, ఎప్పుడూ దీనితోనే తెరవమని టిక్కు పెట్టాను. మళ్ళీ నొక్కితే బల్ల మెల్లగా పరుచుకుంది. అత్తమ్మ తెర మీద గుర్రాన్ని వేలితో తాకి కళ్ళకద్దుకుంది.

"ఆటలన్నీ ప్రోగ్రాం ఫోల్డరులనే ఉన్నయత్తమ్మా. దాన్ని తీసేస్తే ఇవి గూడ పోతయి."

"గట్ల కుదరదు. మనింట్ల జీతమొచ్చినా, కొత్త చీరొచ్చినా ముందుగాల్ల ఏడ వెడతం?"

"దేవునిగదిల."

"మరి గిది గూడ గంతే."

దేవునిగది అని కొత్త ఫోల్డరు చేసి, ఉన్న ఆటలన్నీ అందులోకి మార్చి, ఇక అక్కడే దాచమని ప్రోగ్రాంలో సర్దాను.

"మామయ్య ఎత్తులు కంప్యూటరుతోని ఏయించాల్నా?" అని అడిగాను.

"మీ మామ సంగతి దానికేం ఎరుక? నువ్వాడు."

"నాకొస్తదా?"

"నేను నేర్పినంక నీకు రాక ఇంకెవలకొస్తదే?"

బడి మెట్లు ఎక్కని నన్ను ఆయన స్థానంలో కూర్చోబెట్టింది. రోజుకొక ఎత్తు. ఆ గుర్రాన్ని మాత్రం నేను కదపలేదు. తన మంత్రికి అందుతున్నా అత్తమ్మ దాన్ని కొట్టలేదు. ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు. చివరికి నేను చెక్ చెప్పినప్పుడు ఆమె రాజుకు మిగిలిన ఒక్క దారినీ ఆ గుర్రమే అడ్డుకుంది. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. "చూసినవా, ఏడ కూసున్నా నన్ను గెలవనియ్యడు!"

అత్తమ్మ ఇప్పుడు లేదు. నేను ఇంటి దగ్గరే పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఆ తర్వాత కంప్యూటర్లు మారాయి. ప్రతిసారీ దేవునిగదిని కొత్తదానిలోకి ఎక్కించి, ముందుగా ఆ రెండు సర్దుబాట్లే చేసుకుంటాను. ఇవాళ వాసన రాగానే దేవునిగది తెరిచి ఆ ఫైలు మీద నొక్కాను. బల్ల పరుచుకుంది. మామయ్య పెట్టిన గడిలోనే గుర్రం ఉంది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.