బావ బండి ఇంకా తయారు కాలేదు

వడ్రంగికి ఒక బావ ఉన్నాడు, అక్క మొగుడు. ఆ బావ డీజిల్ పికప్ ఎప్పుడు చూసినా తయారవుతూనే ఉంటుంది తప్ప తయారు కాదు. బరువైన ట్రెయిలర్లు లాగడానికని కొన్న బండి అది. అది లాగగా చూసినవాళ్లు మాత్రం లేరు. ఎవరు అడిగినా బావ జవాబు ఒకటే: "అంతా అయిపోయింది, ఒక్కటే మిగిలింది." ఆ ఒక్కటీ అయ్యేసరికి ఇంకో ఒక్కటి పుట్టుకొచ్చేది.

బావది కళ్లజోళ్ల దుకాణం. పొద్దస్తమానం ఆయన చేతిలో ఉండే వస్తువుల్లోకెల్లా బరువైనది స్క్రూడ్రైవరు, అదీ చిటికెన వేలంత. అలాంటి మనిషికి ఏనుగుల్ని లాగే బండెందుకని ఇంటిల్లిపాదీ బుగ్గలు నొక్కుకున్నారు. ఆయన మాత్రం కొన్న రోజే బండి కింద వెల్లకిలా దూరి, "కమాన్లు చాలవు" అని తీర్పు చెప్పాడు. వెనక చక్రాల మీద అదనపు స్ప్రింగు పట్టీలు వేయించాడు. దాంతో ఖాళీ బండి చిన్న గుంట కనబడినా గంతేసేది.

"ఏవండీ, ఇది బండా, ఎగిరే పీటా?" అంది అక్క, తల తడుముకుంటూ.

"బరువు పడితే కుదురుకుంటుందే."

"ఆ పడే బరువేదో త్వరగా పడనివ్వండి. నా తల బొప్పి కడుతోంది."

ఎక్కించడానికి బరువు దొరక్క ఆయన చుట్టాల మీద పడ్డాడు. ఒకసారి అక్క పిన్ని చూడ్డానికొచ్చింది. "అత్తయ్యగారూ, ఒక్క నిమిషం ఇలా వెనక అంచున కూర్చుంటారా?" అన్నాడు బావ, చేతులు కట్టుకుని. ఇదేదో కొత్త మర్యాద కాబోలని ఆవిడ మురిసిపోతూ కూర్చుంది. బావ టేపుతో వంగి కొలిచి, "భేష్! మూడు వేళ్లు దిగింది!" అని వీధంతా వినపడేలా అరిచాడు. పిన్ని కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం, అక్క ఫోను చేస్తే "మీ ఆయన టేపు లోపల పెట్టాడా?" అని అడిగి గానీ మాట్లాడేది కాదు.

ఎదురింటి పోస్ట్‌మాన్ వీధి చివరి ఇంటికి మారేటప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. చిన్న ట్రెయిలరు దొరికింది, బావ బండికి తగిలిస్తే చాలు. బావ తల అడ్డంగా ఊపి, సోఫా ఒక కొస తనే భుజానికెత్తుకున్నాడు. రెండో కొస మోస్తూ పోస్ట్‌మాన్ పికప్ పక్కనుంచే నడవాల్సి వచ్చింది.

"బండి ఇక్కడే ఉంది కదండీ!"

"గేర్‌బాక్సుకి ఆయిల్ కూలరొక్కటే మిగిలిందండీ. అది లేకుండా లాగితే ఆయిలు ఉడికిపోతుంది."

"ఇది సోఫా అండీ!"

"సోఫాలతోనే మొదలవుతుందండీ," అన్నాడు బావ, రొప్పుతూ.

బావని చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు వడ్రంగే. ఆ నవ్వు అతనికి అవసరం. పనికి అద్దెకు తీసుకున్న షెడ్డులో, తలుపులూ కిటికీలూ చేయగా మిగిలిన వేళల్లో, అతను ఏళ్ల తరబడి ఒక చెక్క పడవ కడుతున్నాడు. ఎవరు ఎదురుపడినా "పడవ ఎంతదాకా వచ్చింది?" అనేవాళ్లు. ఆ ప్రశ్నకి భయపడి అతను పెళ్లిళ్లకి వెళ్లడం కూడా మానేశాడు. బావ ఒక్కడే ఆ మాట అడిగేవాడు కాదు. షెడ్డుకొచ్చి, పడవకి ఆనుకుని నిలబడి, "నా బండి ఇంకా కాలేదురా" అని నిట్టూర్చేవాడు. ఆయన వెళ్లాక వడ్రంగికి మనసు తేలికయ్యేది. తనకంటే అధ్వాన్నం ఇంకొకడున్నాడన్న ధైర్యంతో మళ్లీ చిత్రిక పట్టేవాడు.

అలా అలా పడవ నిజంగానే పూర్తయింది. పూర్తయిన వారానికే షెడ్డు కూల్చేస్తున్నామని కబురొచ్చింది. రవాణా కంపెనీ మనిషి వచ్చి పడవ చుట్టూ తిరిగాడు. తమ చిన్న బండ్లు దీన్ని లాగలేవట, పెద్దది ఈ సందు తిరగదట.

"నడిమికి కోసేయండి. రెండు ట్రిప్పుల్లో చేరవేస్తాం."

"పడవనా?"

"అవతల అతికించుకోండి. మీరు వడ్రంగే కదా!"

వడ్రంగి పడవ నడుముకి పెన్సిలుతో గీత గీశాడు. రంపం తీశాడు. చెయ్యి కదల్లేదు. రంపం అలాగే పట్టుకుని అక్క ఇంటికి నడిచాడు. ఇంటి ముందు బావ బండి అద్దాలు తుడుస్తున్నాడు.

"బావా, పడవ అయిపోయింది. షెడ్డు కూల్చేస్తారట. కోసేయమంటున్నారు."

బావ రంపం వంక చూశాడు, బావమరిది మొహం వంక చూశాడు. గుడ్డ దులిపి మడతపెట్టాడు.

"పద. ఎక్కిద్దాం."

"నీ బండి తయారు కాలేదుగా?"

బావ పెరట్లోకి నడిచి టార్పాలిన్ లాగేశాడు. కింద పొడవాటి ట్రెయిలరు ఉంది. దాని మీద దిమ్మలు వంపు తిరిగి ఉన్నాయి. షెడ్డులో నలుగురు సాయం పట్టి జాకీలతో పడవని ఎక్కిస్తే, దాని అడుగు ఆ వంపుల్లో చెప్పులో కాలు పెట్టినట్టు అమిరింది. పడవకి ఆనుకుని నిలబడ్డప్పుడల్లా బావ ఏం కొలుచుకున్నాడో వడ్రంగికి అప్పుడు తెలిసింది.

అక్కతో సహా ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని చెరువుకి బయల్దేరారు. బరువు పడేసరికి బండి పెద్దమనిషిలా కుదురుగా నడిచింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను నిబ్బరంగా గుర్రుమంది. దిగేటప్పుడు ట్రెయిలరు బ్రేకులు మెత్తగా పట్టాయి, పడవ ఒక్కసారి కూడా తూలలేదు.

"బావా, ఈ బ్రేకులెప్పుడు పెట్టించావు?"

బావ రోడ్డు చూస్తున్నాడు. అక్కే చెప్పింది. "నువ్వు పడవకి అడుగు చెక్కలు వేసిన ఏడాదేరా. కూలరూ అప్పుడే."

"మరి ఇన్నాళ్లూ కాలేదన్నాడు?"

"బండి అయిపోయిందంటే ఇక అందరూ వాడి పడవ మీదే పడతారే, అన్నారు. నాదీ కాలేదంటే ఇద్దర్నీ కలిపి నవ్వుతారట, చెరి సగం పడుతుందట."

వడ్రంగి కిటికీ వైపు తిరిగి, చాలాసేపు తోవ పక్క చెట్లని శ్రద్ధగా చూశాడు.

"నువ్వూ గట్టిగానే నవ్వావులేరా," అన్నాడు బావ. "నీ వాటా తగ్గలేదు."

చెరువు గట్టున అసలు చిక్కొచ్చింది. ట్రెయిలరుని వెనక్కి నడిపి నీళ్లలోకి దించాలి. బావ ముందుకు లాగడం గురించి సమస్తమూ నేర్చాడు, వెనక్కి తొయ్యడం గురించి ఏమీ నేర్చుకోలేదు. ఎడమకి పోవాలనుకుంటే పడవ కుడికి పోయింది. సరిదిద్దబోతే అడ్డం తిరిగి పొదల్లో దూరింది. మూడోసారి, గట్టున బట్టలుతుకుతున్నవాళ్లు బట్టలు తీసుకుని లేచిపోయారు.

"దిగండి," అంది అక్క.

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని, చీర సర్దుకుని, అద్దంలో చూస్తూ చక్రం కాస్త కాస్త తిప్పింది. ట్రెయిలరు గీత గీసినట్టు వెనక్కి నడిచి నీళ్లలోకి దిగింది. పడవ దిమ్మల మీంచి మెల్లగా లేచి, ఊగి, తేలింది.

బావ నోరు తెరిచాడు. "ఇది నీకెవరు నేర్పారే?"

"ఎడమకి పోవాలంటే కుడికి తిప్పాలి, అంతేగా! ఇన్నేళ్లు మీతో కాపురం చేశాను, ఆమాత్రం రాదా?"