తోడేలు వాటా

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ దేశమంతా తన రాక కోసమే కాచుకొని ఉందనిపించేది. కర్నూలు రాజధాని అయిందని ఎక్కడో ఉన్న మా మైదుకూరు వాళ్లు కూడా మీసాలు తిప్పేవాళ్లు. నా మీసం సంగతి అడక్కండి, అది మొలవడానికి ఇంకా సర్కారు ఉత్తర్వు రాలేదు. మద్రాసులో పశువైద్యం చదివి, పుస్తకాల పెట్టెతో బేతంచెర్ల దగ్గరి ఒక పల్లెలో దిగాను. పశువుల ఆసుపత్రి అంటే ఒక నాపరాళ్ల గది, ఒక మందుల బీరువా, ఒక కాంపౌండరు సాయిబు. ఈ మూడింటిలో మాట్లాడేది సాయిబు ఒక్కడే కాబట్టి ఆయన మూడింటి తరఫునా మాట్లాడేవాడు.

చేరిన కొద్దిరోజులకే ఒక గొర్రెల అవ్వ ఒక గొర్రెను భుజాన మోసుకొచ్చి మా గది ముందు దించింది. దించీ దించగానే అది తల ఒక పక్కకు వాల్చి ఉన్నచోటే గిరగిరా తిరగసాగింది. "చూడు నాయనా, మందలో ఇట్ల తిరిగి తిరిగి సచ్చేవి శానా అయితాండాయి. మొగుడు పోయినాక ఈ మందే నాకు మొగుడు, బిడ్డలు. ఇది గూడా పోతే నేను యాడికి పోవల్ల?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం లోపల సంతోషం పొంగుకొచ్చింది (అవ్వ ఏడుస్తుంటే సంతోషించడం తప్పే, కానీ పరీక్షలో రాసిన ప్రశ్నే నాలుగు కాళ్లతో ఎదుటికొచ్చి తిరుగుతుంటే ఎవడికి మాత్రం ఆగుతుంది!). వెంటనే ఉపన్యాసం అందుకున్నాను. దీని మెదడులో నీళ్లబుడ్డ ఉంటుంది, అది బద్దెపురుగు పిల్ల, ఈ తలను తిన్న కుక్క కడుపులోనో తోడేలు కడుపులోనో అది బారెడు పురుగై కూర్చుంటుంది, ఆ జంతువు పెంటతో పాటు గుడ్లు గడ్డిమీద పడతాయి, ఆ గడ్డిని మళ్లీ గొర్రె మేస్తుంది అని చెప్పాను. అవ్వ అంతా విని, "అయితే తోడేలు గూడా మా మాదిరే కడుపునొప్పితో బతుకుతాండాదన్నమాట, పాపం" అంది.

అవ్వ కుక్కలకు కడుపులో పురుగులు పడిపోయే మందు పట్టించాం. సాయిబు వాటి వెనక పరుగెత్తిన తీరు ఆ పల్లెలో చాలాకాలం చెప్పుకున్నారు. ఇక మిగిలింది తోడేలు. అక్కడ గొర్రెల కాపరులకు ఒక ఆచారం ఉంది. రోగంతో పోయిన గొర్రె తలను గుట్టమీది ఒక బండపైన పెట్టివస్తారు. అది తోడేలు వాటా. వాటా ముట్టితే అది మంద జోలికి రాదని వాళ్ల నమ్మకం. అంటే ఏ తలలో పురుగు పిల్ల ఉందో సరిగ్గా ఆ తలనే ఏరి కోరి తోడేలుకు వడ్డిస్తున్నారన్నమాట! రుజువు కోసం నేను గుట్ట ఎక్కి తోడేలు పెంట వెతికాను. వెంట్రుకలూ ఎముక ముక్కలూ ఉన్న ఆ పెంటలో తెల్లగా సొరగింజల్లాంటి పురుగు ముక్కలు కనిపించగానే నిధి దొరికినట్టు కేక వేశాను. దాన్ని కాగితంలో పొట్లం కట్టుకొని దిగుతుంటే కింద బండలు కోసేవాళ్లు పని ఆపి చూశారు. "ఏమప్పా, సర్కారు జీతమిచ్చేది దీన్ని ఏరేదానికేనా?" అని ఒకడు అడిగాడు. నేను గంభీరంగా తలూపాను. సాయిబు నా పక్కన నడవడం మానేసి కాస్త వెనకబడ్డాడు.

అవ్వ తెచ్చిన ఆ గొర్రె చచ్చిన రోజే ఆ పొట్లం చూపించి కాపరులందరికీ చెప్పాను, ఇకమీదట రోగపు తలలను కాల్చేయండి అని. వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. అవ్వ అడ్డుపడింది: "వాటా అంటే ఎవరో ఒకరు తినల్ల గానీ, కాల్చేదేందప్పా? తోడేలు నోటికాడి కూడు తీసినోడు నువ్వు. నువ్వే తిను. నువ్వు తింటే మేం ఒప్పుకుంటాం." అందరూ "ఔనౌను, న్యాయం" అన్నారు. బాగా ఉడికిన తల తింటే మనిషికి ఏమీ కాదని పుస్తకంలో ఉంది. కానీ పుస్తకానికి కడుపు లేదు కదా! కాదంటే రేపటి నుంచి తలలు మళ్లీ గుట్టకే పోతాయి, అవ్వ మంద తిరుగుతూ తిరుగుతూ నేలకొరుగుతుంది. ఆశగా సాయిబు వైపు చూశాను. "అది మావాళ్లు కోసింది కాదు సాబ్, నాకు పనికిరాదు. మీరు కానీండి" అని ఆయన భక్తిగా కళ్లు మూసుకున్నాడు.

మరునాడు సాయంత్రం మంద దగ్గర విందు. రాగిసంగటి ముద్ద, దానిమీద తలకాయ కూర. కాపరులంతా చుట్టూ కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే గుట్టమీది బండ దగ్గర తోడేలు వచ్చి నిలబడింది. ఖాళీ బండను వాసన చూసింది, తరువాత మావైపు చూసింది. (నావైపే చూసిందని ఇప్పటికీ నా అభిప్రాయం.) "అవ్వా, ఆ నీళ్లబుడ్డ తీసేసినావు కదా?" అని మెల్లగా అడిగాను. "వాటాలో తీసేది యాడన్నా ఉంటాదా నాయనా? తిను, తిను" అంది. మా ఇలవేల్పుకు మొక్కుకొని, కళ్లు మూసుకొని మొదటి ముద్ద మింగాను. రెండోది కళ్లు తెరిచి మింగాను. మూడోదానికి, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఇంకాస్త కారం పడుంటే బాగుండేదనిపించింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి కాపరులు ఈలలు వేశారు. తోడేలు వెనక్కి తిరిగి మెల్లగా గుట్ట దిగిపోయింది.

అందరూ లేచాక చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ అవ్వ నా చెవిలో అంది: "పిచ్చోడా, రోగపు తల నీకు పెడతానా? దాన్ని నిన్ననే కాల్చేసినా. నువ్వు తిన్నది మంచి పొట్టేలుది." "మరి ఇదంతా ఎందుకవ్వా?" అన్నాను. "నాకు నీ మాట మీద నమ్మకముండాది. నీకుండాదో లేదో వీళ్లంతా చూడల్ల గదా!" అని పళ్లులేని నోటితో నవ్వింది.

ఆ తరువాత మందలో ఒక్క గొర్రె కూడా తిరగలేదంటే అబద్ధమవుతుంది. తగ్గాయి, బాగా తగ్గాయి. రోగపు తలలు మంటలోకి పోతే, పండగలకూ జాతరలకూ కోసిన మంచి తలలు "తోడేలప్ప వాటా" అంటూ, నాకు వాళ్లు పెట్టిన ఆ పేరుతోనే, ఆకులో చుట్టుకొని నా గుమ్మానికి వచ్చేవి. కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ ఆ పేరు విని రెండు రోజులు నాతో జాగ్రత్తగా మెలిగింది. అవ్వ ఉన్నంతకాలం ఆ వాటా తప్పలేదు, బదిలీ అయ్యాక కూడా ఒకసారి రైల్లో పంపింది. వచ్చేసరికి అది వాటాలా లేదు గానీ, మేం కోప్పడలేదు.

ఇప్పుడు ఆ గుట్టల మీద తోడేలు కనిపించిందని ఎవరూ చెప్పరు. నాకేమో డాక్టరు తలకాయ కూర మాన్పించి, సంగటిలోకి ఆకుకూర రాసిచ్చాడు. "నాలుగు రోజులు మీరు నా ముందర తినండి, నేనూ ఒప్పుకుంటాను" అన్నాను ఆయనతో. ఆ కుర్రాడు నవ్వేసి ఊరుకున్నాడు. ఆయన చోట ఆనాటి మీసం లేని తోడేలప్ప ఉండుంటే ఈపాటికి కంచం ముందుకు లాక్కునేవాడు.