ఐదో పిన్ను

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. శ్రీశైలం వెళ్లి దేవుడి ముందు నిలబడ్డాను, అక్కడా పెదవి కదల్లేదు.

మాది త్రిపురాంతకం దగ్గర పల్లె. వైమానిక దళంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరై, ఇప్పుడు మార్కాపురంలో ఉంటున్నాను. యుద్ధవిమానం బయలుదేరే ముందు పైలట్‌ను సీట్లో బిగించి, సీటుకున్న సేఫ్టీ పిన్నులు తీయడం నా పని. ఆపద వస్తే పైలట్ హ్యాండిల్ లాగుతాడు. సీటు అతనితో సహా బయటికి ఎగిరిపోతుంది, పారాచూట్ విచ్చుకుంటుంది. నేల మీద ఉండగా పొరపాటున అలా జరగకుండా ఆపేవి ఆ పిన్నులు. మొత్తం ఐదు. ఒక్కటి ఉండిపోయినా, హ్యాండిల్ ఎంత లాగినా సీటు కదలదు.

నేను చెప్పబోయే పైలట్‌ది గిద్దలూరు వైపు. వయసులో నాకంటే చిన్న, హోదాలో పెద్ద. ఇద్దరమే ఉన్నప్పుడు నన్ను అన్నా అనేవాడు.

తొమ్మిదేళ్ల కిందట ఆ ఉదయం, నేనెక్కిన నిచ్చెన కోసం పక్క విమానం వాళ్లు కేకలు వేస్తున్నారు. "పిన్నులన్నీ తీసినావా అన్నా?" అని అడిగాడు. "తీసినా సార్" అన్నాను. ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఆయనకు చూపించాలి. చూపించలేదు. ఎందుకు? తొందర. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటాను. లేదు.

విమానం పైకి లేచాక, తీసిన పిన్నులు వేసుకున్న సంచి విప్పాను. నాలుగే ఉన్నాయి. కింద పడిందేమోనని కాంక్రీటంతా వంగి వెతికాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన తల వెనకాల పిన్నుకు వేలాడే ఎర్ర రిబ్బను. దాన్ని నేను ముట్టుకోనే లేదు.

ముప్పై అడుగుల దూరంలో మా సూపర్‌వైజర్ కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే కంట్రోల్ టవర్‌కు ఫోను. ఒక్క మాట చెబితే విమానాన్ని వెనక్కి పిలుస్తారు. ఆ తర్వాత విచారణ, శిక్ష, రెండేళ్లలో రావలసిన పెన్షన్ ఏమవుతుందో అన్న బెంగ. పది అడుగులు నడిచాను. ఏం కావాలన్నట్టు ఆయన తలెత్తి చూశాడు. నేను పక్కనున్న నీళ్ల సీసా అందుకుని వెనక్కి తిరిగాను.

నలభై నిమిషాల్లో రావాలి. నలభై అయింది. నలభై ఐదు. యాభై.

ఆ తర్వాత వచ్చింది. విమానం ఆగీ ఆగకముందే నిచ్చెన వేసి, అందరికంటే ముందు ఎక్కి, ఆయన తల వెనక చెయ్యి పెట్టి పిన్ను లాగి పిడికిట్లో దాచుకున్నాను.

హెల్మెట్ తీస్తూ నవ్వాడు. "ఏందన్నా, ఎగిరింది నేనయితే చెమటలు నీకు పట్టినాయి?"

తల వంచుకుని, ఐదు పిన్నులూ ఒక్కొక్కటిగా మళ్లీ సీటుకు పెట్టసాగాను.

ఆయన స్వరం తగ్గించాడు. "గద్ద అడ్డమొచ్చింది. ఇంజన్ ఒక్కసారి అదిరినట్లయింది. చెయ్యి హ్యాండిల్ మీదికి పోయింది. సీటు బిగించింది మా అన్న గదా, ఏం భయం అనుకున్నా. మళ్లీ సర్దుకునింది, నిదానంగా వచ్చేసినా."

విమానం రిజిస్టర్లో లోపాలేవీ లేవని రాసి సంతకం పెట్టాను.

ఆయన ఇప్పటికీ విమానాలు నడుపుతూనే ఉన్నాడు. టీవీలో ఎక్కడైనా విమానం కూలిందంటే, పేరు చెప్పేలోపే బయటికి వెళ్లిపోతాను. కిందటేడు గిద్దలూరులో వాళ్లింటి గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "మావాణ్ణి నువ్వే కనిపెట్టుకున్నావంట గదా నాయనా" అంది. చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. అన్నం కూడా తిని వచ్చాను.

ఇంతవరకు చెప్పింది సగమే. మిగతా సగం కోసమే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆ యాభయ్యో నిమిషంలో, ఆకాశం ఖాళీగా ఉన్నప్పుడు, నాకొక ఆలోచన వచ్చింది. విమానం కూలిపోయి ఉంటే అంతా కాలిపోతుంది, పిన్ను ఎవరికీ దొరకదు అని. అలా అనుకోగానే నా గుండెదడ తగ్గింది. నిజంగా తగ్గింది. ఒక ఊపిరి తేలిగ్గా తీసుకున్నాను.

పొరపాటును మనుషులు క్షమిస్తారేమో. ఆ ఊపిరిని ఎవరు క్షమిస్తారు? నేను అడగను. ఉన్నదున్నట్టు చెప్పాను, అంతే.